ఎగరడం తేలిక, దిగడమే కష్టం

మా ఊరి పంటకాలువ మీద ఒక పాత లాకు ఉంది. ఇటుక గోడ, సున్నపు గచ్చు. ఆ గోడ నెర్రెలోంచి నీళ్ళ మీదికి వంగి ఒక రావి మొక్క ఉంటుంది. ఏటా వేసవిలో కాలువ కట్టేయగానే ఎవరో ఒకరు కత్తి పట్టుకుని దిగి దాన్ని నరికేస్తారు. తొలకరి పడేసరికి మళ్ళీ రాగిరంగు చిగురు వేసుకుని కూర్చుంటుంది. చిన్నప్పుడు మా తాతయ్యని అడిగాను, దీన్ని ఇక్కడ ఎవరు నాటారని. "కాకి నాటిందిరా" అన్నారు.

ఆ జవాబు నిజమే, కానీ సగమే. పెద్ద రావి చెట్టుకి కాసే పళ్ళు వేలల్లో ఉంటాయి. ఒక్కో పండులో ఆవగింజ కంటే చిన్న గింజలు వందల్లో ఉంటాయి. కాకి, గోరింక, కోకిల, గబ్బిలం అన్నీ తింటాయి, తిన్నవి ఊరంతా రాలుస్తాయి. రోడ్డు మీద పడ్డవి ఎండకి మాడిపోతాయి. పెంకుటింటి కప్పు మీద పడ్డవి ఒకటి రెండు ఆకులు వేసి ఆగిపోతాయి. చేలో పడ్డవి దమ్ములో కలిసిపోతాయి. తడి ఆరని నెర్రెలో, మేక నోరు అందని ఎత్తులో పడ్డ ఏ ఒక్కటో బతుకుతుంది. కాకి కొన్ని వేల గింజలు వేసి ఉంటుంది. మనకి కనిపించేది మాత్రం ఆ ఒక్క మొక్కే.

విత్తనాల వ్యాప్తి అనగానే స్కూల్లో గాలి, నీరు, జంతువులు, పేలుడు అని నాలుగు గళ్ళ పట్టిక వేయించేవారు. పరీక్షకి అది చాలు. గింజ ఏ బండి ఎక్కిందో ఆ పట్టిక చెబుతుంది. ఏ స్టేషన్లో దిగిందో మాత్రం చెప్పదు. నన్నడిగితే చిక్కంతా ఆ దిగడంలోనే ఉంది. మొక్కలు గింజకి చేసే అలంకారాల్లో సగానికి సగం దూరం పంపడానికి కాదు, సరైన చోట ఆపడానికే. గోదావరి డెల్టాలో పుట్టిన వాడికి ఇది తొందరగా బుర్రకెక్కాలి. మన కాళ్ళ కింద ఉన్న ఒండ్రు కూడా ఎక్కడెక్కడి కొండల నుంచో కొట్టుకొచ్చి, ప్రవాహం నెమ్మదించిన చోట దిగబడినదే కదా.

అసలు గింజ ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళాలి? మర్రి నీడన మరో మొక్క ఎదగదని మనవాళ్ళు అంటారు. ఎవరి పెద్దరికం కింద ఎవరు నలిగిపోతున్నారో చెప్పడానికి వాడే మాట అది. చెట్ల విషయంలో అక్షరాలా నిజం. తల్లి చెట్టు కింద వెలుతురు ఉండదు, నీటికి తల్లితోనే పోటీ పడాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. తల్లికి పట్టిన పురుగు, తల్లి వేళ్ళలో ఉన్న బూజు ఆ చుట్టుపక్కలే కాచుకుని ఉంటాయి, వాటికి అదే జాతి పసిమొక్క అంటే ఇష్టం. అడవుల్లో ఒకే జాతి చెట్లు గుంపుగా కాకుండా చెదురుమదురుగా ఎందుకుంటాయో వివరిస్తూ డేనియల్ జాన్జెన్ 1970లో, జోసెఫ్ కానెల్ 1971లో విడివిడిగా చెప్పింది ఇదే. తల్లికి ఎంత దగ్గరగా పడితే చావు అంత దగ్గర.

కాబట్టి పంపాలి. పంపేటప్పుడు సారె ఎంత పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. కొబ్బరి చెట్టు గింజకి నెలల తరబడి సరిపడా తిండి, నీళ్ళు మూటగట్టి పంపుతుంది. అంత బరువుతో గాలిలో ఎగరడం కల్ల. రెల్లు గడ్డి ఏమీ పెట్టదు. కట్టుబట్టలతో, అంటే నాలుగు నూగు వెంట్రుకలతో వదిలేస్తుంది.

దసరా రోజుల్లో రాజమండ్రి వంతెన మీద నుంచి లంకల వైపు చూస్తే తెల్లగా కనిపించేది ఆ రెల్లే. ఒక్కో కంకిలో వేల గింజలు. ప్రతి గింజ మొదట్లో పట్టులాంటి వెంట్రుకల కుచ్చు. ఇలాంటి కుచ్చు గాలిని ఎలా పట్టుకుంటుందన్నది చాలాకాలం సరిగ్గా తేలలేదు. గొడుగులాగా నిండుగా ఉంటే సరే, కానీ ఇందులో ఉన్నదంతా ఖాళీయే, వెంట్రుకల మధ్య గాలి దూరిపోతుంది. డాండెలియన్ అనే చామంతి జాతి మొక్క గింజను నిలువు గాలి గొట్టంలో తేలియాడించి ఎడిన్‌బరా శాస్త్రవేత్తలు 2018లో విషయం కనిపెట్టారు. వెంట్రుకల మధ్య నుంచి కొంచెం గాలి దూరడం వల్లే కుచ్చు పైన ఉంగరంలాంటి సుడి ఒకటి ఏర్పడుతుంది. అది కుచ్చుని అంటుకోకుండా కాస్త ఎడంగా, కదలకుండా నిలుస్తుంది. గింజ వేగంగా పడిపోకుండా ఆపేది ఆ సుడే. అదే కుటుంబానికి చెందిన గడ్డి చామంతి మన కాలువ గట్ల నిండా ఉంది. ఈసారి దాని గింజను ఊదినప్పుడు పైన కనిపించని ఆ ఉంగరాన్ని ఊహించుకోండి.

అయితే గాలికి గమ్యం లేదు. రెల్లు గింజ ఎటు పోతుందో రెల్లుకి తెలియదు. అందుకే దాని లెక్క లాటరీ లెక్క. లక్ష పంపితే ఒకటి తగలాలి. తగిలే కాలం మాత్రం అది బాగానే ఎంచుకుంది. శ్రావణ భాద్రపదాల్లో వచ్చిన వరద తగ్గి, లంకల అంచున కొత్త మేట బయటపడే వేళకి రెల్లు నూగు విడుస్తుంది. పోటీకి వేరే గడ్డి లేని, ఇంకా తడి ఆరని ఇసుక దొరికిందంటే చాలు. ఒకసారి నాటుకున్నాక గింజలతో పని లేదు, నేలలోపలి దుంపలతోనే పాకిపోతుంది. లంకల్లో వ్యవసాయం చేసే వాళ్ళకి అది తెల్లటి అందం కాదు, నడుములు విరిచే పని.

జిల్లేడు, బూరుగు, కాలువ పూడిక మీద లేచే జమ్ము కూడా ఈ దూది వ్యాపారమే. జమ్ము కంకి ఒక్కదాంట్లోనే లక్షకు పైగా గింజలుంటాయి. బూరుగు దూదితో తలగడలు కుట్టుకున్నాం గానీ, గింజ లెక్కలో అది రవాణా ఖర్చు.

గాలి మీద భరోసా లేని మొక్కలు కూలికి మనుషుల్ని, అంటే పక్షుల్ని, జంతువుల్ని పెట్టుకున్నాయి. కాకి ముక్కుకి దొండపండు అని సామెత. జోడీ కుదరలేదని వెక్కిరించడానికి వాడతాం. ప్రకృతిలో అంతకంటే కుదిరిన జోడీ లేదు. దొండకాయ లేతగా ఉన్నంతకాలం ఆకుల్లో ఆకుగా పచ్చగా ఉంటుంది. లోపల గింజ ముదిరాకే ఎర్రబడుతుంది. ఆవుకి, మేకకి ఎరుపు, పచ్చ తేడా సరిగ్గా తెలియదు, పక్షికి మనకంటే బాగా తెలుస్తుంది. అంటే ఆ ఎరుపు అందరికీ వేసిన బోర్డు కాదు, పళ్ళు లేని నోటికి, గింజను నమలకుండా మింగే నోటికి మాత్రమే వేసిన బోర్డు. ఈ ఒప్పందం ఎంత గట్టిదంటే, కూర కోసం తీసుకెళ్ళిన దొండ హవాయి దీవుల్లో పక్షుల చేతికి చిక్కి ఇప్పుడు అక్కడ చెట్లని కప్పేసే కలుపుతీగగా మారింది.

పక్షి వల్ల ఇంకో లాభం, అది ఎక్కడపడితే అక్కడ గింజ వేయదు. వాలే చోట వేస్తుంది. కరెంటు తీగల కింద వరసగా వేపమొక్కలు, తాటిచెట్టు మట్టల మొదళ్ళలో మర్రి మొక్క మొలిచేది ఇందుకే. ఎండిన తాటి మట్ట మొదట్లో దుమ్ము, చెత్త, రెట్ట చేరి చిన్న కుండీలా తయారవుతుంది. అందులో పడ్డ మర్రి గింజ కిందికి వేళ్ళు జార్చి, నేల అందుకుని, కొన్నేళ్ళకి ఆశ్రయమిచ్చిన తాటినే చుట్టేస్తుంది. మా వైపు అలాంటి చెట్టుకి పసుపు రాసి దణ్ణం పెడతారు. తాటి కోణం నుంచి చూస్తే ఆ పూజ కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది.

దిగడంలో దిట్ట ఎవరని నన్ను అడిగితే బదనిక పేరు చెబుతాను. మామిడి, సపోటా కొమ్మల మీద వేరే రకం ఆకులతో గుబురుగా కనిపించి, గొట్టాల్లాంటి ఎర్రటి పూలు పూస్తుందే, అది. పరాన్నజీవి. నేల మీద పడితే దానికి చావే. కొమ్మ మీదే పడాలి, అదీ మరీ ముదురు బెరడు కాని కొమ్మ మీద. గాలి ఆ పని చేయలేదు. దానికి బొటనవేలంత పిట్ట ఒకటి ఉంది, మూడంగుళాలకి కాస్త అటూ ఇటూ, బూడిదరంగు, చిక్ చిక్ అంటూ మామిడి తోటంతా తిరుగుతుంది. దాని తిండిలో ఎక్కువ భాగం బదనిక పళ్ళే. పండు గుజ్జులో గింజ చుట్టూ బంకలాంటి జిగురు ఉంటుంది. పిట్ట కడుపులోంచి కొద్ది నిమిషాల్లోనే గింజ బయటికొస్తుంది గానీ ఆ జిగురు మాత్రం అరగదు. గింజ పిట్టకే అతుక్కుని వేలాడుతుంది. అది చికాకుపడి ఒళ్ళు కొమ్మకేసి రుద్దుకుంటుంది. గింజ కొమ్మకి అంటుకుంటుంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1930ల మొదట్లోనే ఈ తతంగం మీద తన పరిశీలనలు ప్రచురించారు.

చూడండి, ఇక్కడ పండు కూలి డబ్బు. జిగురు చిరునామా. పిట్టకి కలిగిన దురదే డెలివరీ. రెల్లు లక్ష గింజలతో చేసే పని బదనిక కొద్ది పళ్ళతో చేస్తుంది. తోట రైతులకి ఇది తెలుసు కాబట్టే బదనికని పీకి ఊరుకోరు, పట్టిన చోటు కంటే కిందికి కొమ్మనే కోసేస్తారు.

చీమల సంగతి కూడా చెప్పుకోవాలి. ఆముదపు గింజ కొనన చిన్న తెల్లటి బుడిపె ఉంటుంది. చాలామంది గమనించి ఉండరు. అది గింజలో భాగమే గానీ మొలకకి అక్కర్లేదు, చీమలకి పెట్టిన లంచం. కాయ ఎండకి పగిలి గింజ రెండు మూడు గజాల దూరంలో పడ్డాక చీమలు దాన్ని పుట్టకి ఈడ్చుకెళ్ళి, కొవ్వుతో నిండిన ఆ బుడిపెని కొరుక్కు తిని, గట్టి గింజని తమ చెత్తకుప్ప మీద పారేస్తాయి. చీమల చెత్తకుప్ప అంటే గుల్లబారిన, ఎరువు కలిసిన మట్టి. ఏ చెట్టూ లేని చోట ఆముదమే మహావృక్షమంటూ దాన్ని చులకన చేస్తాం. ఏ చెట్టూ లేని చోటుకి అది ముందుగా ఎలా చేరుతుందో ఎవరూ అడగరు.

గబ్బిలాలది రాత్రి డ్యూటీ. పండు కోసుకుని, అక్కడే తినకుండా, నిమ్మళంగా ఉండే ఇంకో చెట్టుకి మోసుకెళ్ళి తింటాయి. మీ పెరట్లో బాదం చెట్టు లేకుండానే పొద్దున్నే చీకిన బాదం కాయలు పడి ఉన్నాయంటే అదే కారణం. బాదం కాయకి ఇంకో బండి కూడా తెలుసు. దాని పీచు నీళ్ళలో తేలుతుంది, అందుకే సముద్రపు ఒడ్డున అలల గీత మీద అవి కనిపిస్తుంటాయి. ఒకే గింజ గబ్బిలం ఎక్కి, అలల మీద దిగి, పిల్లల చేతిలో రాయి కింద ముగిసిపోవచ్చు. నాలుగు గళ్ళ పట్టికలో దీన్ని ఏ గడిలో రాస్తాం?

ఇక నీళ్ళు. కోనసీమ గురించి రాస్తూ కొబ్బరికాయ దగ్గర ఆగకపోతే మావాళ్ళు ఒప్పుకోరు. పైన నీరు అంటని తొక్క, లోపల గాలి నిండిన పీచు, ఆ లోపల గట్టి చిప్ప. పడవ కట్టేవాడు నేర్చుకోవలసిన నిర్మాణం. హవాయిలో చేసిన పరీక్షల్లో 110 రోజులు సముద్రపు నీటిలో తేలిన కాయ కూడా మొలకెత్తింది. ఈ తేలే గుణం మనవాళ్ళకి కొత్త కాదు. దింపు తీశాక కాయల్ని కాలువలో పోసి, తెప్పలా కూర్చి తోలుకెళ్ళడం కోనసీమలో పాత పద్ధతే.

అలాగని మన కొబ్బరి తోటలు సముద్రం మీద తేలుతూ వచ్చాయనుకుంటే పొరపాటు. అల తీసుకొచ్చిన కాయ అల ఆగే చోటే, అంటే ఇసుక ఒడ్డునే మొలవగలదు. అక్కడి నుంచి అమలాపురం దాకా నడిచి రాలేదు. ప్రపంచంలోని కొబ్బరిని జన్యువుల్ని బట్టి పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో రెండు పెద్ద వంశాలు తేలాయి, ఒకటి పసిఫిక్ వైపుది, ఒకటి హిందూ మహాసముద్రం వైపుది. మనిషి సాగు చేయడం కూడా రెండు చోట్లా విడివిడిగానే మొదలైందని దాని సారాంశం. ఆ తరువాత దాన్ని దేశదేశాలకి తిప్పింది ఓడలే. సముద్రం చేసింది కొంత, మనిషి చేసింది చాలా. నారు మడి పోసి, గొయ్యి తీసి, ఉప్పు వేసి, దూరం కొలిచి పెట్టిన తోటలవి.

మొలకెత్తిన కొబ్బరికాయ కొడితే లోపల మెత్తటి, తియ్యటి గుండ్రటి ముద్ద దొరుకుతుందే, కొబ్బరి పువ్వు, అది పువ్వు కాదు. మొలక తన సారె మూటలోకి చొప్పించిన నోరు. కొబ్బరిని, నీళ్ళని పీల్చి పైకి పంపడం దాని పని. తాటి టెంక కొడితే వచ్చే బుర్రగుంజు కూడా సరిగ్గా అదే అవయవం. ఇద్దరూ ఒకే కుటుంబం మరి.

తాటి కథ మాత్రం వేరు. తాటిపండు ధబ్బున పడుతుంది, పడ్డ చోటే ఉంటుంది. తేలి పోయే ముచ్చట పెద్దగా లేదు, ఎగరడం అసలే లేదు. పశువులో మనుషులో పీచు చీకి టెంకని ఇంకో చోట పడేస్తే అదే దాని ప్రయాణం. ఆఫ్రికాలో దీని దగ్గరి చుట్టాన్ని ఏనుగులు మింగి దూరదూరాలకి చేరుస్తాయి. మన దగ్గర ఆ సౌకర్యం లేదు. పక్కకి ఎక్కువ దూరం వెళ్ళలేని తాటి, కిందికి వెళుతుంది. మొలకెత్తగానే టెంకలోంచి లావుపాటి తొడుగు ఒకటి బయటికొచ్చి నిట్టనిలువునా నేలలోకి దిగుతుంది. పైకి రావలసిన మొలకని దాని కొనలో పెట్టుకుని అడుగు, అడుగున్నర లోతుకి తీసుకెళుతుంది. అక్కడి నుంచి మొదటి ఆకు పైకి రావాలి. వినడానికి తిక్క పనిలా ఉంటుంది. కానీ పైన ఎండకి గడ్డి మాడినా, మంట పెట్టినా, మేక కొరికినా, అసలు ప్రాణం లోతులో భద్రంగా ఉంటుంది. తనని తానే పాతిపెట్టుకునే గింజ అది.

మనం చేసిందల్లా ఆ తెలివిని తినడం. టెంకల్ని గుల్ల ఇసుక మీద పాతరలా పేర్చి, పైన మట్టి కప్పి వదిలేస్తాం. తొడుగు దిగుతుంది, పిండితో లావెక్కుతుంది, సంక్రాంతి రోజులకి తవ్వి తీస్తే తేగలు. కాల్చిన తేగని మధ్యకి చీలిస్తే సన్నగా, తెల్లగా చందమామ కనిపిస్తుంది. మా ఇంట్లో దానికోసం కొట్లాటలు జరిగేవి. ఆ చందమామే భూమి లోపల భద్రంగా దాచిన తాటి మొదటి ఆకు. దాన్ని కాపాడటానికి చెట్టు ఇంత ఏర్పాటు చేస్తే, మేం దానికోసమే జుట్లు పట్టుకునేవాళ్ళం.

కాకినాడ దాటి కోరింగ వైపు వెళితే దిగడం మరీ కష్టమైన చోటు ఒకటి ఉంది. 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, అంటే సముద్రం రెండుసార్లు పొంగి రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. మెత్తటి బురద, అందులో ఊపిరాడదు. పైగా ఉప్పు. మామూలు గింజని అక్కడ పడేస్తే నానేలోపే పాటు లాక్కుపోతుంది, మిగిలితే ఉప్పు చంపుతుంది. అందుకని ఉప్పుపొన్న ఒక సాహసం చేస్తుంది. గింజని గింజగా వదలదు. కొమ్మ మీద, కాయలో ఉండగానే మొలకెత్తిస్తుంది. కాయ కింద నుంచి మునక్కాయలాగా పచ్చటి కాడ అడుగు నుంచి రెండడుగుల దాకా పెరిగి వేలాడుతుంది. చెట్టు నుంచి రాలేది విత్తనం కాదు, మొక్క.

అది బాణంలా బురదలో గుచ్చుకుని అక్కడే నాటుకుంటుందని గైడ్లు చెబుతుంటారు. పాటు వేళ పడితే కొన్ని అలా గుచ్చుకోవచ్చు. చాలావరకు జరిగేది వేరు. నీళ్ళలో పడి, అడ్డంగా తేలుతూ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తిరుగుతుంది. నానుతున్న కొద్దీ వేరు వైపు బరువెక్కి నిలువుగా నిలబడుతుంది. అలా నిలబడి తేలుతూ నీరు పలచబడ్డ చోటికి రాగానే కొన నేలకి తగులుతుంది. లోతు ఎంతో కొలిచే గెడ, వేరు వేసే కొన రెండూ అదే.

తెల్లమడ ఇంత ఆర్భాటం చేయదు. దాని మొలక కాయ తొక్క లోపలే దాక్కుంటుంది. నీళ్ళలో పడ్డ కొద్ది రోజులకే తొక్క వదిలి, రెండు మందపాటి బద్దలు విప్పి, వేళ్ళు వేయడం మొదలుపెడుతుంది. దానికి కావలసింది ఏమిటంటే, ఆ తొలి వేళ్ళు పట్టు దొరికించుకునేదాకా పోటు వచ్చి కదిలించని నాలుగు రోజులు. ఆ విరామం దొరికిన బురద తిన్నె మీద పచ్చగా గుంపులు లేస్తాయి. దొరకని చోట ఎన్ని కొట్టుకొచ్చినా పీతల నోట్లోకే. మడ చెడిపోయిన కొన్ని చోట్ల ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ కలిసి చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వించి పోటు నీరు లోపలికి వచ్చి పోయేలా చేయడం వెనక ఉన్న లెక్క ఇదే. ముందు దిగే చోటు ఉండాలి, మొక్క తరువాత.

తల్లి మీద ఉండగానే మొలకెత్తడం మడకి బతుకు. అక్కడికి గట్టిగా గంట ప్రయాణం కూడా లేని వరి చేలో అదే పని జరిగితే రైతుకి టెన్షన్. నవంబరు, డిసెంబరుల్లో తుపాను వాన పట్టి, పనలు నీళ్ళలో నానితే గింజ కంకి మీదే తెల్లటి మొలక వేస్తుంది. అడవి గింజలకి సాధారణంగా నిద్ర ఉంటుంది, తడి తగిలినా సమయం వచ్చేదాకా లేవవు. విత్తగానే అంతా ఒకేసారి మొలవాలని వేల ఏళ్ళుగా మనం ఎంచుకుంటూ వచ్చాం, ఆ నిద్ర పలచబడింది. మార్టేరు వరి పరిశోధనా స్థానం వంటి చోట్ల కొత్త రకానికి రెండు వారాలైనా నిద్ర ఉందా అని చూడటం దీనికోసమే. తీసేసిన గుణాన్ని కొంచెం కొంచెంగా తిరిగి పెడుతున్నారన్నమాట.

వరి దగ్గర మనం తీసేసింది నిద్ర ఒక్కటే కాదు, ప్రయాణమే తీసేశాం. దానికి ముందు చిటపటకాయల సంగతి ఒకసారి. గట్ల మీద ఊదారంగు పూలు పూసే ఆ మొక్క కాయని ఉమ్మితో తడిపి పక్కవాడి చొక్కాలో వేయని పిల్లలు మా తరంలో లేరు. దాని చుట్టం ఒకదాన్ని అమెరికాలో వేగంగా తీసే కెమెరాతో చూశారు. గింజ సెకనుకి 1,660 చుట్ల దాకా తిరుగుతూ దూసుకెళ్ళి ఏడు మీటర్ల దాకా పోతుందని 2018లో రాశారు. ఆ తిరుగుడు వల్ల గింజ గాలిని అంచుతో కోసుకుంటూ పోతుంది. మినుము, పెసర కాయలు అంత హడావుడి చేయవు గానీ పేలే గుణం వాటిలోనూ మిగిలే ఉంది. మాగాణి మినుము తెల్లారగట్ల మంచు తడి ఆరకముందే తీసేది అందుకే. పదింటికి ఎండెక్కితే కాయ చిట్లి, పంట చేలోనే విత్తుకుపోతుంది.

అడవి వరి కూడా అంతే, పండిన గింజని పట్టుకుని ఉండదు. మురుగు కాలువల్లో, చెరువుల అంచుల్లో కనిపించే నివ్వరిని ముట్టుకుంటే చేతిలోకే రాలిపోతుంది. గింజకి పొడవాటి ముల్లు, ఆ ముల్లు వెంబడి గరుకు. బురదలోకి దూరడానికి, వచ్చిపోయే పశువు ఒంటికి పట్టుకోవడానికి అది పనికొస్తుంది. రాలిపోయే గింజని మనిషి కోయలేడు. ఎప్పుడో ఎక్కడో రాలకుండా కంకినే పట్టుకున్న మొక్కలు అతని చేతికి ఎక్కువగా చిక్కాయి, అవే మళ్ళీ విత్తనమయ్యాయి. రాలడాన్ని అదుపు చేసే ఒక ముఖ్యమైన జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం దీనికి పెద్ద కారణమని 2006లో తేలింది. తల్లిని వదలని గింజ అడవిలో అయితే పనికిరానిది. మన చేలో రాణి. నారు పోయించుకుంటుంది, దమ్ము చేయించుకుంటుంది, నీళ్ళు కట్టించుకుంటుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట, దాని కింది కాలువలన్నీ కలిపి చూస్తే, ఒక గడ్డి తన గింజలకి సంపాదించుకున్న అతి పెద్ద దిగే చోటు అనాలి.

ఆ చోటుని కనిపెట్టి వచ్చి కూర్చున్న వాడు ఇంకొకడున్నాడు. ఊద. లేతప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకు మొదట్లో పలచటి పొరలాంటి నాలుక ఉంటే వరి, లేకపోతే ఊద. కలుపు తీసే చేతికి తేడాగా కనిపించినవి తరతరాలుగా పోయాయి, వరిలా ఉన్నవి మిగిలాయి. ఎవరూ అనుకోకుండానే మనం దాన్ని ఎంచి ఎంచి వరిలాగా తయారుచేశాం. తేడా అల్లా చివర్లో ఉంది. వరి గింజ కోతదాకా ఆగుతుంది. ఊద కోతకి ముందే రాలిపోయి, వచ్చే సార్వాకి ఇదే మడిలో సిద్ధంగా ఉంటుంది. రాలకుండా మిగిలిన నాలుగు గింజలు వడ్లలో కలిసి పక్క ఊరికి వెళతాయి.

ఉత్తరేణి, పల్లేరు లాంటి అంటుకునే జాతి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎవరి పంచె అంచు వారికి చెబుతుంది. అవి వాటి కాలంలో గొర్రెల్ని నమ్ముకున్నాయి, ఇప్పుడు కోతమిషను చక్రాలకి పట్టిన మట్టి కూడా వాటికి పనికొస్తోంది.

కొత్త రవాణా ఎలా ఉంటుందో చూడాలంటే కడియం వెళ్ళాలి. కడియపులంక, వేమగిరి చుట్టుపక్కల రోడ్డుకి రెండు వైపులా నర్సరీలు. గోదావరి ఒండ్రు ముద్ద చేసి, వేళ్ళ చుట్టూ కట్టి, సంచుల్లో పెట్టి, లారీలకెత్తి దేశంలో ఎక్కడికంటే అక్కడికి పంపుతారు. పోయిన కార్తీకంలో ఒక లారీకి గులాబీ మొక్కలు ఎత్తుతుంటే పక్కన నిలబడి చూశాను. సంచుల్లో గులాబీ మొదట్లో, పిల్లలు కూడా పట్టించుకోనంత చిన్నగా నేల ఉసిరి. ఆకు వెనక వరసగా పచ్చటి బుడిపెలు. ఎండితే టప్పున పేలి పక్క సంచిలోకి గింజ దూకుతుంది. ఏ ఊరికని అడిగితే బెంగళూరుకన్నాడు డ్రైవరు. అతను టార్పాలిను కడుతుంటే నేను చేయి పెట్టి ఒక సంచిలోంచి నేల ఉసిరి మొక్క పీకాను. మిగిలిన సంచులు లెక్కపెట్టేలోగా లారీ కదిలింది.